దురద లేని మచ్చ

2022వ సంవత్సరం, ఆగస్టు నెలాఖరు. ఆ ఏడు వానలు ఆగకుండా కురిశాయి. తార్నాకలో మా ఇంటి నుంచి నేను పనిచేసే యూనివర్సిటీ హెల్త్ సెంటర్‌కు నడిచి వెళితే పావుగంట. దారి పొడుగునా మోకాలి ఎత్తు గడ్డి. కోసేవాళ్లు ఒక పక్క కోసుకుంటూ వెళితే వెనక పక్క మళ్లీ లేచేది. ఆ పచ్చదనం నాకు చాలా ఇష్టంగా ఉండేది. అందులో భయపడాల్సింది ఏదైనా ఉందని ఆ సంగతి జరిగేదాకా నాకు తట్టలేదు.

హెల్త్ సెంటర్ అనగానే పెద్ద ఆసుపత్రి అనుకోకండి. రెండు గదులు, నాలుగు మంచాలు, ఒక మందుల బీరువా. పొద్దున తొమ్మిది నుంచి ఒంటిగంట దాకా డాక్టర్ సుధాకర్ గారు ఉంటారు. ప్రభుత్వ సర్వీసులో రిటైరై వచ్చిన మనిషి, తొందరపాటు లేదు. నేను అప్పటికి పదకొండేళ్లుగా అక్కడ స్టాఫ్ నర్సుని. అంతకు ముందు ఏడేళ్లు కాచిగూడలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేశాను. ఐసీయూ నుంచి ఇక్కడికి వచ్చాక ప్రాణం హాయిగా ఉండేది. జలుబు, కడుపునొప్పి, పరీక్షల ముందు తలనొప్పి, ఆటల్లో బెణికిన కాళ్లు. ఇక్కడ ఎవరూ చనిపోరు అనే ధైర్యం నాలో బాగా పాతుకుపోయింది.

ఒక సోమవారం పొద్దున స్వరూప అనే అమ్మాయి వచ్చింది. ఎం.ఏ. రెండో ఏడు. మహబూబాబాద్ దగ్గర పల్లె. సన్నగా, పొడుగ్గా, ట్రాక్ ప్యాంటు, స్పోర్ట్స్ బూట్లతో నేరుగా గ్రౌండ్ నుంచి వచ్చినట్టుంది. కుర్చీలో కూర్చోకముందే ప్యాంటు పైకి లాగి కాలు చూపించింది.

“సిస్టర్, జర చూడుండ్రి. మూడు దినాల సంది ఒకటే గోకుడు. నిద్ర పడ్తలేదు.”

చీలమండ చుట్టూ, సరిగ్గా సాక్సు అంచు బిగిసే చోట, ఎర్రటి పొక్కులు వరసగా ఉన్నాయి. కొన్నింటిని గోకి పుండు చేసుకుంది. మోకాళ్ల వెనక మరికొన్ని. నడుము దగ్గర కూడా ఉన్నాయంటూ చొక్కా అంచును రెండు వేళ్ల మేర పక్కకు జరిపి చూపించి, వెంటనే సర్దేసుకుంది.

ఆమె వెంట వచ్చిన ఇంకో అమ్మాయి లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడింది. పేరు రజిత, స్వరూప రూమ్‌మేట్.

“మేడం, గిది గజ్జేనా? నిజం చెప్పుండ్రి. మేం ముగ్గురం ఒక్క రూంల ఉంటం. మొన్న నా దుప్పటి గూడ కప్పుకున్నది.”

స్వరూప తల దించుకుంది. దురద కన్నా ఆ మాటే ఆమెను ఎక్కువ బాధపెడుతోందని చూస్తే తెలుస్తోంది.

“గజ్జి కాదమ్మా,” అన్నాను రజితతో. “గజ్జి అయితే వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర ముందు కనిపిస్తుంది. ఇక్కడ చూడు, చేతులు శుభ్రంగా ఉన్నాయి. బట్టలు బిగుతుగా ఉన్నచోటే పొక్కులున్నాయి. ఒకరి నుంచి ఒకరికి అంటుకునేది కాదు ఇది.” తర్వాత స్వరూపను అడిగాను, “గడ్డిలో కూర్చుంటున్నావా?”

“పొద్దుగాల రన్నింగ్ చేస్త సిస్టర్. ఈవెంట్స్ ఉన్నయి గద. రన్నింగ్ అయినంక గాడనే గడ్డి మీద పండుకొని స్ట్రెచింగ్ చేస్త.”

ఈవెంట్స్ అంటే యూనిఫాం ఉద్యోగాలకు పెట్టే పరుగు, లాంగ్ జంప్ లాంటి పరీక్షలు. రాత పరీక్ష ఆమె పాసైంది. ఇక ఈవెంట్స్ ఒక్కటే మిగిలింది. మూడున్నర వారాల గడువు.

“మీ ఇంట్లో మిరప వేస్తారా?”

“ఏస్తరు. మిర్చి, పత్తి.”

“మిరపకు ఎర్రనల్లి పడుతుంది కదా, ఆకు వెనక చేరి రసం పీల్చేస్తుంది. దాని చుట్టమే నిన్ను కుట్టింది.”

ఆమెకు నవ్వొచ్చింది. “మా నాయిన మందు కొడ్తడు దానికి. నాకు గూడ కొట్టాల్నా?”

ఆ పురుగును ఇంగ్లిష్‌లో చిగ్గర్ అంటారు. గడ్డిలో, పొదల్లో ఉండే ఒక రకం నల్లి పిల్ల. ఇసుక రేణువు కన్నా చిన్నది, కంటికి ఆనదు. గడ్డి కొసన కాచుకుని ఉండి, మనిషో ఎలుకో తగిలితే ఎక్కుతుంది. మెత్తటి చోటు వెతుక్కుంటూ పైకి పాకుతుంది. సాక్సు అంచో, నడుం పట్టీయో అడ్డం వచ్చిన చోట ఆగి కుడుతుంది. కుట్టినప్పుడు తెలియదు. కొన్ని గంటల తర్వాత దురద మొదలవుతుంది. అప్పటికి పురుగు రాలిపోయి ఉంటుంది.

ఇలాంటి వాటికి మాకు స్టాండింగ్ ఆర్డర్ ఉంటుంది, అంటే డాక్టరు ముందే రాసిపెట్టిన అనుమతి. దాని ప్రకారం దురదకు సెట్రిజిన్ మాత్రలు, పూయడానికి కాలమైన్ లోషన్ ఇచ్చాను. బట్టలు వేడి నీళ్లలో ఉతకమన్నాను. గడ్డి మీద పడుకోవద్దన్నాను. పది రోజుల్లో తగ్గిపోతుందన్నాను. రిజిస్టర్‌లో ‘ఇన్‌సెక్ట్ బైట్’ అని రాసి, తర్వాతి పేరు పిలిచాను. మొత్తం పది నిమిషాలు కూడా పట్టలేదు.

చెప్పినవన్నీ సరైనవే. చెప్పనిది ఒకటి ఉంది. ఆ పురుగుల్లో కొన్ని, అన్నీ కాదు, కొన్ని మాత్రమే, స్క్రబ్ టైఫస్ అనే జ్వరాన్ని మోసుకొస్తాయి. అది నాకు తెలుసు. పుస్తకంలో చదవడమే కాదు, కళ్లతో చూశాను కూడా.

కాచిగూడలో ఉన్నప్పుడు ఒక రైతు వచ్చాడు. వారం రోజుల జ్వరం, ఊపిరాడదు. మూడు చోట్ల తిరిగి మా దగ్గరికి చేరాడు. స్పాంజ్ బాత్ ఇస్తూ, అంటే తడిగుడ్డతో ఒళ్లు తుడుస్తూ, చెయ్యి ఎత్తితే చంకలో చిన్న నల్లటి చెక్కు కనిపించింది. రౌండ్స్‌కు వచ్చిన డాక్టరుకు చూపించాను. దాన్ని ఎస్కార్ అంటారు, పురుగు కుట్టిన చోట చర్మం చచ్చిపోయి ఏర్పడే మచ్చ. జబ్బు పేరు అప్పుడు తెలిసింది, మందు అప్పుడు మొదలైంది. మర్నాడు మధ్యాహ్నం ఆయన పోయాడు. ఇవాళ్టికీ ఆయన చెయ్యి బరువు నా చేతికి గుర్తుంది.

అంత తెలిసీ స్వరూపకు ఎందుకు చెప్పలేదంటే, ఆ జబ్బు అడవి పక్క ఊళ్లలో, పొలాల్లో వస్తుందని నా మనసులో ఒక గీత గీసుకున్నాను. చుట్టూ సిటీ బస్సులు తిరిగే ఈ క్యాంపస్ గీతకు ఇవతల ఉందనుకున్నాను.

రెండు వారాలు గడిచాయి. మళ్లీ సోమవారమే. రజిత ఒక్కతే వచ్చింది. ఈసారి గుమ్మం దగ్గర ఆగకుండా నేరుగా బల్ల దగ్గరికి వచ్చి చీలమండలు చూపించింది. అవే పొక్కులు, అదే వరస.

“మీరు అంటుకోదన్నరు మేడం. చూడుండ్రి, నాకు గూడ వచ్చినయి.”

“నువ్వు గ్రౌండ్‌కు వెళ్తున్నావా?”

“నాలుగు దినాల సంది పోతున్న, వాకింగ్‌కు.”

“నీకూ గడ్డిలోంచే వచ్చాయి. స్వరూప నుంచి కాదు. తనెలా ఉంది?”

రజిత కొంచెం తటపటాయించింది. “తను రూంల లేదు మేడం. మేమే... కొన్ని దినాలు వేరేకాడ ఉండుమన్నం. వాళ్ల చిన్నమ్మ బిడ్డ అంబర్‌పేట్‌ల ఉంటది, గాడికి పోయింది. జ్వరం గూడ వచ్చిందంట.”

నా చేతిలో కాలమైన్ సీసా ఉంది. అది బల్ల మీద పెట్టేశాను.

“జ్వరం ఎప్పటి నుంచి?”

“గురువారం సంది అనుకుంట.”

వేళ్ల మీద లెక్కపెట్టాను. గురు, శుక్ర, శని, ఆది, సోమ. ఐదో రోజు. పురుగు కుట్టాక జ్వరం రావడానికి సాధారణంగా పది పన్నెండు రోజులు పడుతుంది. ఎటు తిప్పి లెక్కపెట్టినా సరిపోతోంది.

రజిత దగ్గర నంబరు తీసుకుని ఫోన్ చేశాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారీ ఎత్తలేదు. మూడోసారి ఎత్తింది. గొంతు తడారిపోయి ఉంది.

“మంచిగనే ఉన్న సిస్టర్. వైరల్ అన్నరు. డెంగ్యూ టెస్ట్ చేసిన్రు, నెగెటివ్ వచ్చింది. సెలైన్ గూడ పెట్టిన్రు. రెండు దినాలల్ల మళ్ల రన్నింగ్‌కు వస్త.”

“ఒంటి మీద ఎక్కడైనా నల్లటి మచ్చ ఉందా? చిన్న చెక్కులాంటిది?”

“లేదు.”

“చూసుకున్నావా?”

“మళ్ల... చూస్కుంట సిస్టర్.” ఊపిరి గట్టిగా వినిపిస్తోంది. మాటకీ మాటకీ మధ్య అలా ఊపిరి తీసుకునేవాళ్లను ఐసీయూలో చాలామందిని చూశాను.

డాక్టర్ సుధాకర్ గారికి చెప్పాను. నేను మాట పూర్తి చేయకముందే ఆయన కళ్లద్దాలు తీసేశారు. “ఫోన్లో కాదమ్మా, వెళ్లి చూడు. మచ్చ ఉన్నా లేకపోయినా ఐదు రోజుల జ్వరం, ఆయాసం అంటే ఆసుపత్రికే. అక్కడి డాక్టరుతో నన్ను మాట్లాడించు. ఇక్కడ నేను చూసుకుంటాను.”

థర్మామీటరు, వేలికి పెట్టే ఆక్సిమీటరు సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. విద్యానగర్ మీదుగా అంబర్‌పేట్ పెద్ద దూరమేమీ కాదు. ఆ రోజు ప్రతి సిగ్నలూ ఎర్రగానే కనిపించింది. మచ్చ లేకపోతే బాగుండునని ఒకసారి, ఉంటేనే నయం, కనీసం జబ్బేదో తెలుస్తుందని ఇంకోసారి అనుకుంటూ కూర్చున్నాను. రిజిస్టర్‌లో నేను రాసిన ఆ రెండు మాటలు కళ్లముందు నుంచి కదల్లేదు.

ఆ చిన్నమ్మ కూతురు, స్వరూపకు అక్క వరసైన పద్మ, సందు చివర రెండు గదుల ఇంట్లో ఉంటుంది. జాకెట్లకు మగ్గం వర్క్ చేస్తుంది. ముందు గది సగం ఆ మగ్గమే ఆక్రమించింది. దాని పక్కన బొంత మీద స్వరూప పడుకుని ఉంది. తలగడ చుట్టూ వేపాకు పేర్చి ఉంది.

“అమ్మవారేమో అనుకున్న మేడం,” అంది పద్మ, నేను వేపాకు వైపు చూడటం గమనించి. “ఒళ్లంత ఎర్రగ సన్నగ పేలినట్టున్నది. దవాఖానకు తీస్కపోయిన, వైరల్ అన్నరు. ఇగ తగ్గుతదిలే అనుకున్న.”

స్వరూప కళ్లు ఎర్రబడి ఉన్నాయి. వెలుతురు చూడలేక చేత్తో అడ్డం పెట్టుకుంది. జ్వరం నూటమూడు. నాడి నూట ఇరవై దాటింది. వాచీ చూస్తూ ఊపిరి లెక్కపెట్టాను, నిమిషానికి ముప్ఫై. మామూలుగా పదహారో పద్దెనిమిదో ఉండాలి. ఆక్సిమీటరు తొంభై మూడు దగ్గర ఊగిసలాడింది.

“స్వరూపా, ఒళ్లంతా చూడాలమ్మా.”

“వద్దు సిస్టర్. ఏం లేదు.”

“ఒక్క రెండు నిమిషాలు.”

“నాకు సిగ్గైతది.” ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “మీరు దవాఖానల వేస్తరు. నాకు ఎర్కనే. గాడ పడుకుంటే ఈవెంట్స్ పోతయి. ఇంక పది దినాలే ఉన్నది.”

అప్పుడు అర్థమైంది, ఆమె నా ఫోన్ ఎందుకు ఎత్తలేదో. జబ్బును కాదు, జబ్బని ఎవరైనా చెప్పడాన్ని ఆమె తప్పించుకుంటోంది.

పద్మ తలుపు వేసింది. కిటికీకి చీర కట్టింది. చెల్లెలి పక్కన కూర్చుని తల ఒళ్లో పెట్టుకుంది. “నేనే ఉన్న గదనే పిచ్చిదాన. చూడనియ్యి,” అంటూ జుట్టు నిమిరింది. స్వరూప మొహం అక్క చీరలో దాచుకుంది.

చంకలు చూశాను. మెడ వెనక, జుట్టు మొదట్లో, చెవుల వెనక. వీపు, రొమ్ముల కింద. ఏమీ లేదు. పాత పొక్కులు కూడా చాలావరకు మానిపోయి గోధుమరంగు మచ్చలయ్యాయి. నడుం పట్టీ కిందికి జరిపాను. కుడి గజ్జల మడతలో, చర్మం ముడుచుకున్న చోట, మినపగింజ కన్నా కొంచెం పెద్దగా, కాలిన నలుపులో ఒక చెక్కు. చుట్టూ సన్నటి ఎర్రటి అంచు. ఎవరో సిగరెట్‌తో కాల్చినట్టుంది.

నేను చాలాసేపు దానివైపే చూస్తుండిపోయానట. పద్మ తర్వాత చెప్పింది.

“ఇది నొప్పిగా ఉందా?”

“ఏది?” అంది స్వరూప మొహం ఎత్తకుండానే.

వేలితో పక్కన నొక్కాను. “ఇక్కడ.”

“లేదు. గోకుడు గూడ లేదు. గాడ ఏమున్నది సిస్టర్?”

ఆమెకు తెలియదు. నొప్పి లేదు, దురద లేదు, కంటికి కనిపించే చోటు కాదు. తెలిసే దారే లేదు.

ఇప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లాలని పద్మతో చెప్పాను. స్వరూపకు చున్నీ కప్పి లేపింది. మా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నడిపించుకుంటూ సందు మొదట్లో ఆటో దాకా వచ్చాం. నెలన్నర నుంచి రోజూ పరుగెత్తే పిల్ల, ఆ నలభై అడుగుల్లో రెండుసార్లు ఆగింది.

ప్రభుత్వాసుపత్రి ఎమర్జెన్సీ కిక్కిరిసి ఉంది. జ్వరాల కాలం, వచ్చిన ప్రతి ఒక్కరికీ జ్వరమే. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ చాలా చిన్నది, కళ్ల కింద నలుపు. పాత రిపోర్టు చూస్తూ, “డెంగ్యూ నెగెటివ్, ప్లేట్‌లెట్లు తగ్గాయి, వైరల్ లాగే ఉంది,” అంటూ పెన్ను తీసింది.

“మేడం, ఎస్కార్ ఉంది,” అన్నాను.

పెన్ను ఆగింది. “ఎక్కడ?”

తెర లాగించి చూసింది. బయటికి వచ్చాక ఆమె గొంతు మారిపోయింది. “ఇది ఎవరు చూశారు?”

“నేనే. యూనివర్సిటీ హెల్త్ సెంటర్లో నర్సుని. పొక్కులతో రెండు వారాల కిందట నా దగ్గరికే వచ్చింది.”

డాక్టర్ సుధాకర్ గారికి ఫోన్ కలిపి ఇచ్చాను. ఇద్దరూ ఒక నిమిషం కూడా మాట్లాడుకోలేదు. ఆమె అక్కడి నర్సును పిలిచి చెప్పింది: “రక్తం స్క్రబ్ టైఫస్ పరీక్షకు పంపండి. రిజల్ట్ కోసం ఆగడం లేదు. డాక్సీసైక్లిన్ ఇప్పుడే మొదలుపెడదాం. ఛాతీ ఎక్స్‌రే, ఆక్సిజన్.”

డాక్సీసైక్లిన్ ఏదో కొత్త మందు కాదు. మా బీరువాలో కూడా ఉండే పాత యాంటీబయాటిక్. జబ్బు పేరు తట్టాలి, అంతే. తట్టకపోతే ఎంత ఖరీదైన మందు ఎక్కించినా ఈ జ్వరం దిగకపోవచ్చు. ఆ రైతు మంచం దగ్గర ఆ సంగతి నేర్చుకున్నాను.

మొదటి మోతాదు పడేసరికి సాయంత్రం ఐదు. “నలభై ఎనిమిది గంటల్లో జ్వరం దిగాలి,” అంది డాక్టరమ్మ. “అంతకన్నా ముందే దిగొచ్చు. ఊపిరితిత్తులే కొంచెం...” అని మిగతాది చెప్పకుండా పద్మ వైపు చూసి ఆపేసింది. ఎక్స్‌రేలో రెండు పక్కలా మబ్బు కమ్మినట్టుంది.

మర్నాడు హెల్త్ సెంటర్లో ఏం పని చేశానో గుర్తులేదు. గంటగంటకూ పద్మకు ఫోన్. “జ్వరం ఇంక ఉన్నది మేడం. గట్లనే ఉన్నది. నీళ్లు తాగుమంటే తాగుతలేదు.” మధ్యాహ్నం వెళ్లేసరికి ఆక్సిజన్ పెంచారు. స్వరూప నన్ను గుర్తుపట్టలేదు. “అక్కా, షూస్ లేస్ కట్టు, పిలుస్తున్నరు,” అంటూ గాల్లోకి చెయ్యి చాపింది. మూత్రం తగ్గిందని నర్సు చార్టులో రాస్తుంటే ఆ అంకె చూసి బయటికొచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆ రైతు విషయంలో కూడా జబ్బు పేరు తెలిసింది, ఒక రోజు ఆలస్యంగా.

రజిత అక్కడికి వచ్చింది. ఎవరూ పిలవలేదు. చేతిలో ఉతికి మడతపెట్టిన దుప్పటి ఉంది. “వార్డుల చలి పెడ్తదేమో అని తెచ్చిన,” అంది. లోపలికి వెళ్లడానికి ధైర్యం లేక నా పక్కనే నిలబడింది. “మేం పంపియ్యకుంటే హాస్టల్లనే ఉంటుండె. జ్వరమొస్తే మీ దగ్గరికే తీస్కొస్తుంటిమి గద మేడం?”

అబద్ధం చెప్పలేకపోయాను. “తీసుకొచ్చేవాళ్లేమో. నేను ముందే చెప్పి ఉంటే తనే వచ్చేదేమో. ఇప్పుడు ఆ లెక్కలు వద్దు. లోపలికి వెళ్లి కూర్చో.”

బుధవారం పొద్దున, నేను స్నానం చేసి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. పద్మ. ఆ పేరు చూసి వెంటనే ఎత్తలేకపోయాను.

“మేడం, చెమటలు పడ్తున్నయి. బట్టలన్ని తడిసిపోయినయి. గిది మంచికేనా చెడుకా?”

“జ్వరం ఎంత ఉందన్నారు?”

“తొంబై తొమ్మిదంట. ఆకలైతుంది, ఇడ్లీ కావాలె అంటున్నది.”

మంచం మీద కూర్చుండిపోయాను. “మంచికేనమ్మా, ఇడ్లీ తెచ్చి పెట్టు,” అన్నాను.

పరీక్ష ఫలితం ఆ తర్వాత రెండు రోజులకు వచ్చింది, స్క్రబ్ టైఫస్ అనే. అప్పటికి ఆక్సిజన్ తీసేశారు. ఆ రోజు నేను వెళ్లేసరికి స్వరూప గోడకు ఆనుకుని కూర్చుని బత్తాయి తింటోంది. పద్మ మందుల కోసం కిందికి వెళ్లింది.

“సిస్టర్, ఒక మాట అడుగుత,” అంది. “గీ పురుగుతోని జ్వరం వస్తదని మీకు ముందే ఎర్కనా?”

“తెలుసు.”

“మరి నాకు చెప్పలే.”

“చెప్పలేదు.”

“ఎందుకు?”

సర్దిచెప్పడానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. మొదటి రోజు ఆ మచ్చ ఇంకా ఏర్పడి ఉండకపోవచ్చు. ఈ పురుగు కుట్టినవాళ్లలో ఎంతోమందికి ఏమీ కాదు. అందరినీ భయపెట్టలేం. అన్నీ నిజాలే. “సిటీ మధ్యలో రాదనుకున్నాను,” అన్నాను. “నువ్వు మళ్లీ నా దగ్గరికి రావాల్సిన అవసరం పడదనుకున్నాను. నాది పొరపాటు.”

ఆమె అటు తిరిగింది. ఆమె కోపం న్యాయమైనదే, లేచి వెళ్లకుండా కూర్చున్నాను. అటే చూస్తూ అంది, “నేను గూడ చెప్పలే గద. మీ నంబరు హాస్టల్ల గోడ మీద రాసే ఉన్నది. జ్వరమొచ్చిన దినమే చెయ్యొచ్చు. చేస్తే పండుకోమంటరని చెయ్యలే. గోలీలు మింగి రెండు దినాలు ఉరికిన గూడ.”

“జ్వరంతోనా?”

“ఊఁ. రెండో దినం గ్రౌండ్లనే పడిపోయిన. అక్కకు చెప్పకుండ్రి.”

ఈవెంట్స్ తేదీ నాటికి స్వరూప ఇంటికి వచ్చింది కానీ, మెట్లు ఎక్కితే ఆయాసపడుతోంది. వెళ్లలేదు. ఆ ఉద్యోగం అలా పోయింది. ప్రాణం దక్కింది కదా అని అందరూ ఓదార్చారు. ఆమె తల ఊపేది. ప్రాణం దక్కడం గొప్పే, కానీ దాని పక్కన పోయినదాన్ని చిన్నదిగా చూపించడం మాత్రం నాకు సరిగ్గా అనిపించలేదు. అందుకే నేను ఆ మాట అనలేదు. ఇంకో ఏడాది మళ్లీ పరీక్ష రాసింది, ఉద్యోగం రాలేదు. ఇప్పుడు వాళ్ల జిల్లాలోనే ఒక రెసిడెన్షియల్ స్కూల్లో పాఠాలు చెబుతోంది. వానాకాలంలో ఎప్పుడైనా ఫోన్ చేస్తుంది. “సిస్టర్, మా బడిల ఒక పిల్లకు నాలుగు దినాల సంది జ్వరం. ఒళ్లంత చూసిన, మచ్చ లేదు. అయినా తీస్కపోవాల్నా?” “తీసుకెళ్లు. మచ్చ అందరికీ రాదు,” అంటాను. తీసుకెళుతుంది.

ఆమె ఆసుపత్రి నుంచి వచ్చిన వారమే నేను లేడీస్ హాస్టల్‌కు వెళ్లి మాట్లాడాను. ఇది గజ్జి కాదని, అంటుకోదని, స్వరూపను గదిలోకి రానివ్వకపోవడానికి ఏ కారణమూ లేదని అందరి ముందూ చెప్పాను. ఒకమ్మాయి అడిగింది, “అయితే ఇగ గడ్డిల కూసోవద్దా మేడం?” కూర్చోమన్నాను. కింద ఏదైనా పరుచుకోమన్నాను, కాళ్లు పూర్తిగా కప్పే బట్టలు వేసుకోమన్నాను, రాగానే ఒళ్లు రుద్ది స్నానం చేసి ఆ బట్టలు వేడి నీళ్లలో వేయమన్నాను. మూడు వారాల్లోపు జ్వరం వస్తే అదే రోజు రమ్మన్నాను, ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా ‘నేను గడ్డిలో కూర్చున్నాను’ అనే మాట మర్చిపోకుండా చెప్పమన్నాను. వెనక వరసలో రజిత ఇవన్నీ నోటుబుక్కులో రాసుకుంటోంది. ఆమెకు జ్వరం రాలేదు. వచ్చిందేమోనని రోజూ చూపించుకోవడానికి మాత్రం మూడు వారాలు వచ్చింది.

ఈ కేసు నాకు నేర్పింది జబ్బు గురించి కాదు, ఆ జబ్బు నాకు అంతకు ముందే తెలుసు. పేషెంటు ఏది చూపిస్తే అదే చూసి పంపేయడం నాకు అలవాటైపోయింది. స్వరూప కాళ్ల మీద, నడుము మీద ఉన్న పొక్కులన్నీ దురదపెట్టి నన్ను తమ వైపే చూసేలా చేశాయి. వాటి వల్ల ఆమెకు ఏ ప్రమాదమూ లేదు. ప్రాణం మీదికి తెచ్చిన ఒక్కటీ నొప్పి పెట్టలేదు, దురద పెట్టలేదు. ఆమెకే తెలియని దాన్ని ఆమె నాకు ఎలా చెబుతుంది? అది వెతకడం నా పని.

ఇప్పుడు గడ్డి పురుగు కుట్టిందని ఎవరు వచ్చినా జ్వరం గురించి హెచ్చరించకుండా పంపను. జ్వరంతో వస్తే మాత్రం, “నొప్పి, దురద లేని మచ్చ ఒంటి మీద ఎక్కడైనా ఉందా?” అని అడుగుతాను. దాదాపు అందరూ లేదనే అంటారు. సిగ్గుపడతారు, క్లాసుకు ఆలస్యమవుతోందంటారు. కూర్చోబెట్టి నచ్చజెబుతాను. ఒప్పుకున్నాక తలుపు గడియ పెట్టి, చేతులు కడుక్కుని, తల నుంచి కాలి దాకా చూస్తాను.